రాయడం వచ్చేసింది, నిలపడమే కష్టం: నానోటెక్నాలజీతో డేటా స్టోరేజ్ ఎటు పోతోంది

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. నానోటెక్నాలజీ వల్ల పంచదార పలుకంత చోటులో లైబ్రరీ మొత్తం పట్టేస్తుందని, హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు ఇక ఉండవని వింటున్నాను. నిజంగా అలా జరుగుతుందా? ఈ రంగంలోకి రావడం మంచిదేనా? ఇంకో చిన్న సందేహం. మా ఇంటి ఫోటోలన్నీ ఒక ఎస్‌ఎస్‌డీలో పెట్టి బీరువాలో దాచాను. ఇక భయం లేదు కదా?

సమాధానం:

చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. మిగతాది ఆగుతుంది గానీ అది ఆగదు. భయం ఉంది. ఈ వారంలోనే ఆ ఎస్‌ఎస్‌డీ తీసి, ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఎందుకో చెప్తాను. మీరడిగిన పెద్ద ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

పద్దెనిమిదేళ్లుగా మెమరీ చిప్‌ల టెస్టింగ్‌లో ఉన్నాను. చిప్‌లో రాసింది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడడం నా పని. మేం దాన్ని రిటెన్షన్ అంటాం. అయినా ఇంట్లో ఒక తప్పు జరిగింది. మా అమ్మమ్మకు అప్పగింతల పాటలు, మంగళహారతులు చాలా వచ్చు. 2012 వేసవిలో ఆమెను వరండాలో కూర్చోబెట్టి 31 పాటలు రికార్డు చేశాను. ఒక పెన్ డ్రైవ్‌లో వేసి అమ్మకు ఇస్తే, ఆమె దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. 2015లో అమ్మమ్మ పోయింది. 2019లో ఆ పెన్ డ్రైవ్ తీసి పెడితే 19 పాటలే పూర్తిగా వినిపించాయి. కొన్ని సగంలో ఆగిపోయాయి, కొన్ని అసలు తెరుచుకోలేదు. ఆ పెన్ డ్రైవ్ కింద పడలేదు, తడవలేదు, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మేడ మీది గది, ఏడు ఎండాకాలాలు. అంతే. లోపల దాచిన ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోయాయి.

నానో స్టోరేజ్ గురించి ఏ వార్త చదివినా నాకు ముందు ఆ పాటలే గుర్తొస్తాయి. ఎంత చిన్న చోటులో రాశారు అన్నది వార్తలో ఎప్పుడూ ఉంటుంది. అది ఎన్నాళ్లు ఉంటుంది, మళ్లీ చదవడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి ఎక్కడో చివర ఉంటాయి, ఒక్కోసారి ఉండనే ఉండవు. ఈ రంగంలో అసలు పోరాటమంతా ఆ రెండింటి దగ్గరే.

చిన్నగా రాయడం సంగతి ముందు చూద్దాం. 1959 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగం చేశారు. ఒక్కో బిట్‌కు (డేటాలో అతి చిన్న ముక్క, ఒకటి లేదా సున్నా) 5x5x5, అంటే 125 అణువులు కేటాయించినా, ప్రపంచంలోని ముఖ్యమైన పుస్తకాలన్నీ, ఆయన అంచనాలో సుమారు 2.4 కోట్ల సంపుటాలు, అంగుళంలో రెండువందలో వంతు భుజం ఉన్న ఘనంలో పడతాయని లెక్క కట్టి చూపించారు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. మీరన్న పంచదార పలుకు కూడా అక్కర్లేదు, దానికంటే చిన్న ధూళి రేణువు చాలు.

అది ఊహగానే మిగిలిపోలేదు. 1981లో ఐబీఎం జ్యూరిక్ ల్యాబ్‌లో బిన్నిగ్, రోరర్ ఒక్కో అణువునూ విడిగా చూపించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ తయారు చేశారు. 1989లో అదే రకం పరికరంతో డాన్ ఐగ్లర్ 35 జెనాన్ అణువులను ఒక్కొక్కటిగా జరిపి తమ కంపెనీ ఐబీఎం పేరు రాశారు. 2012లో 12 ఇనుప అణువులతో ఒక బిట్ చేశారు, 2017లో ఒకే ఒక్క హోల్మియం అణువు మీద ఒక బిట్ రాసి చదివారు. మధ్యలో 2016లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో సాండర్ ఓటే బృందం రాగి ఉపరితలం మీద క్లోరిన్ అణువులను అటూ ఇటూ జరిపి ఒక కిలోబైట్ మెమరీ కట్టింది. 8,000 బిట్లు, 96 నానోమీటర్ల వెడల్పు, 126 నానోమీటర్ల ఎత్తు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మీరే భాగించి చూడండి, బిట్‌కు ఒకటిన్నర చదరపు నానోమీటరు. చదరపు అంగుళానికి 400 టెరాబిట్లకు పైగా, టెరాబిట్ అంటే లక్ష కోట్ల బిట్లు. అందులో వాళ్లు రాసింది ఫైన్‌మన్ ప్రసంగంలోని మాటలనే.

ఇది చదివి నేనూ చాలా సంతోషపడ్డాను. తర్వాత మిగతా వివరాలు చూశాను. అది ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, గాలి లేని గదిలో మాత్రమే నిలుస్తుంది. కొన్ని బిట్ల ముక్క ఒక్కటి చదవడానికే నిమిషాలు పడుతుంది. ఐబీఎం వాళ్ల 12 అణువుల బిట్‌కు, హోల్మియం బిట్‌కు అయితే ద్రవ హీలియం చల్లదనం కావాలి. ఇది వాళ్ల పనిని తక్కువ చేయడం కాదు. హద్దు ఎక్కడుందో చూపించడమే వాళ్ల ఉద్దేశం, దాన్ని అద్భుతంగా చూపించారు. కానీ అక్కడి నుంచి మీ లాప్‌టాప్ దాకా రావాలంటే మధ్యలో వేడి అనే పెద్ద ఏరు దాటాలి.

వేడి అంటే అణువుల కుదుపు. గది వేడిలో ప్రతి అణువూ ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. తిరునాళ్ల రద్దీలో పదిమంది చేతులు పట్టుకుని నిలబడితే తోపులాటకు అంత తేలికగా కదలరు. ఒక్కడే నిలబడితే జనం ఎటు నెడితే అటు పోతాడు. అయస్కాంతపు రేణువులోనూ అంతే. వేల అణువులు ఒకే దిక్కుకు ముఖం పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతకాలం ఆ రేణువు తన దిక్కు మార్చుకోదు. రేణువును చిన్నది చేసుకుంటూ పోతే పట్టుకునే చేతులు తగ్గుతాయి. ఒక దశలో గది వేడి ఒక్కటే దాన్ని తిప్పేస్తుంది, ఒకటి కాస్తా సున్నా అవుతుంది. దీన్ని సూపర్‌పారామాగ్నెటిక్ హద్దు అంటారు. పదేళ్లు నిలవాలంటే రేణువును తిప్పడానికి కావలసిన శక్తి, వేడి ఇచ్చే కుదుపుకు సుమారు 60 రెట్లు ఉండాలన్నది డిస్క్ ఇంజినీర్ల మోటు లెక్క.

హార్డ్ డిస్క్ చరిత్ర ఈ హద్దుతో చేసిన యుద్ధమే. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, పట్టేది సుమారు 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు చదరపు అంగుళానికి ఒక టెరాబిట్ దాటి రాస్తున్నారు. ఒక టెరాబిట్ అంటే బిట్‌కు సుమారు 645 చదరపు నానోమీటర్ల చోటు, అంటే 25కు 25. అందులో 8 నానోమీటర్ల రేణువులు ఓ పది పడతాయి. ఆ పది రేణువుల మీదే మీ ఫోటోలో ఒక బిట్ ఆధారపడి ఉంటుంది.

ఇంత చిన్న అయస్కాంతాన్ని చదవడం సాధ్యమైంది కూడా నానో పొరల వల్లే. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ విడివిడిగా ఒకే విషయం కనిపెట్టారు. కొన్ని అణువుల మందం మాత్రమే ఉన్న లోహపు పొరలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే, చిన్న అయస్కాంత క్షేత్రానికే వాటి విద్యుత్ నిరోధం బాగా మారిపోతుంది. 1997 కల్లా అది డిస్క్‌ను చదివే హెడ్‌లోకి వచ్చేసింది. 2007లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ల్యాబ్ నుంచి అంగడికి తొమ్మిదేళ్లు. మన రంగంలో ఇంత తొందరగా వచ్చినవి అరుదు. తర్వాత 2005లో, జపాన్‌లో షునిచి ఇవసాకి 1970లలోనే చెప్పిన పద్ధతి ప్రకారం, పడుకోబెట్టిన బిట్లను నిలువుగా నిలబెట్టారు. ఇటుకలను పడుకోబెట్టి పేర్చే బదులు నిలబెడితే అదే నేల మీద ఎక్కువ పడతాయి కదా, అదే.

అది కూడా అయిపోయాక ఏం చేయాలి? రేణువు చిన్నదైనా తిరగకూడదంటే, మొండి పదార్థం కావాలి. ఇనుము, ప్లాటినం కలిపిన మిశ్రమం అలాంటిది. కానీ అంత మొండిదైతే రాయడానికి హెడ్ బలం చాలదు. అందుకని రాసే క్షణంలో మాత్రం దాన్ని వేడి చేసి మెత్తబరుస్తారు. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడ్డాకే సుత్తి వేస్తాడు, ఆ పద్ధతే ఇది. దీని పేరు హీట్ అసిస్టెడ్ మాగ్నెటిక్ రికార్డింగ్, పొట్టిగా హామర్.

ఈ ఒక్క యంత్రాన్ని కాస్త దగ్గర నుంచి చూడండి. 3.5 అంగుళాల డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరిగితే అంచు దగ్గర వేగం గంటకు 125 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని మీద హెడ్ ఒకటి రెండు నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. మీ తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఆ హెడ్‌లో ఒక లేజర్. దాని కాంతి తరంగం పొడవు సుమారు 800 నానోమీటర్లు, మామూలు కటకంతో దాన్ని వేడి చేయవలసిన చుక్కంత చిన్నగా కూడగట్టడం అసాధ్యం. అందుకే బంగారంతో చేసిన ఒక సూక్ష్మ యాంటెన్నా పెట్టారు. కాంతి తగలగానే బంగారంలోని ఎలక్ట్రాన్లు కలిసి ఊగి, ఆ శక్తినంతా కొన్ని పదుల నానోమీటర్ల చుక్కలోకి పోస్తాయి. డిస్క్ మీద ఆ చుక్క 400 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, హెడ్ తన దిక్కు రాస్తుంది, చుక్క చల్లారుతుంది. వేడెక్కడం, రాయడం, చల్లారడం మొత్తం రెండు నానోసెకన్లలోపు. సెకనుకు కోట్ల సార్లు, ఏళ్ల తరబడి. బంగారం మెత్తటి లోహం, ఆ వేడికి దాని ఆకారం చెడకుండా చూడడానికే ఎన్నో ఏళ్లు పట్టింది. సీగేట్ ఇరవై ఏళ్లకు పైగా దీని మీద పనిచేసి 2024 జనవరిలో ఒక్కో పళ్లేనికి 3 టీబీ, డిస్క్‌కు 30 టీబీకి పైగా పట్టే రకాన్ని ప్రకటించింది. హార్డ్ డిస్క్ పోతుందని మీరు విన్న మాట ఎందుకు తప్పో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నానోటెక్నాలజీ హార్డ్ డిస్క్‌ను చంపలేదు, ఇన్నేళ్లుగా బతికిస్తున్నది అదే.

ఇప్పుడు నా సొంత ఇలాకా, ఫ్లాష్ మెమరీ. మీ ఎస్‌ఎస్‌డీ, ఫోను, పెన్ డ్రైవ్ అన్నీ ఇవే. 1967లో బెల్ ల్యాబ్స్‌లో కాంగ్, జీ అనే ఇద్దరు చెప్పిన ఆలోచన మీద, 1980లలో తోషిబాలో ఫుజియో మసుఓకా దీన్ని కట్టారు. చుట్టూ గాజులాంటి ఆక్సైడ్ గోడ ఉన్న చిన్న డబ్బా, అందులో కొన్ని ఎలక్ట్రాన్లు. గోడ మందం ఏడెనిమిది నానోమీటర్లు. 20 వోల్టుల దాకా పెట్టి నెడితే ఎలక్ట్రాన్లు గోడలోంచి దూరిపోయి లోపల పడతాయి. కరెంటు తీసేసినా అక్కడే ఉంటాయి. ఉండాలి.

డబ్బా చిన్నదయ్యేకొద్దీ లోపల పట్టే ఎలక్ట్రాన్లూ తగ్గుతాయి. సెల్ సైజు 15 నానోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి ఒక విలువకూ పక్క విలువకూ మధ్య తేడా పదుల ఎలక్ట్రాన్లే. ఒక లెక్క వేసి చూడండి. డబ్బాలో వంద ఉన్నాయనుకోండి, పది పోతే విలువ తారుమారవుతుందనుకోండి. పదేళ్లు నిలవాలంటే ఏడాదికి ఒక్క ఎలక్ట్రాన్ కంటే ఎక్కువ జారకూడదు. అంత గట్టి గోడ, అదీ వేలసార్లు చిల్లు పడ్డంత పని జరిగిన గోడ, కట్టడం మాటలు కాదు.

ల్యాబ్‌లో మేం ఏం చేస్తామంటే, ముందు చిప్ మీద వందలసార్లు, వేలసార్లు రాసి చెరిపి దాన్ని అలసిపోయేలా చేస్తాం. తర్వాత డేటా రాసి ఓవెన్‌లో పెడతాం. వేడి ఎక్కువైతే ఎలక్ట్రాన్లు తొందరగా జారతాయి, కాబట్టి గది వేడిలో నెలలు, ఏళ్లు పట్టేది ఓవెన్‌లో గంటల్లో కనపడుతుంది. ఓవెన్‌కు ముందు చిప్‌ను చదివితే స్క్రీన్ మీద ఎనిమిది గుట్టలు కనిపిస్తాయి. కళ్లంలో పక్కపక్కన పోసిన ధాన్యపు రాశుల్లా ఉంటాయి. ఒక సెల్‌లో మూడు బిట్లు, అంటే ఎనిమిది విలువలు, ఒక్కో విలువకు ఒక్కో గుట్ట. గుట్టకూ గుట్టకూ మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటుంది. ఓవెన్ నుంచి తీసి మళ్లీ చదివితే గుట్టలు ఎడమవైపుకు జారి ఉంటాయి, పాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ కలిసిన చోట ఉన్న ప్రతి సెల్ ఒక తప్పు బిట్. కొంతవరకు తప్పులను సరిదిద్దే కోడ్ కాపాడుతుంది, అది దాటితే ఫైలు పోయినట్టే. ఆ గుట్టలు కలిసిపోవడం నేను వేలసార్లు చూశాను. అమ్మమ్మ పాటల్లో జరిగిందీ అదే.

ఫ్లాష్ పరిశ్రమ ఈ చిక్కు నుంచి ఎలా బయటపడిందో చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. చిన్నది చేయడం ఆపేసింది. స్థలం దొరకనప్పుడు హైదరాబాద్‌లో ఏం చేశారు? పైకి కట్టారు. 2013లో శాంసంగ్ 24 అంతస్తుల ఫ్లాష్ తెచ్చింది, 2024 చివరికి ఎస్‌కే హైనిక్స్ 321 అంతస్తులకు చేరింది. పైకి వెళ్లే వీలు దొరికాక ఒక్కో సెల్‌ను మళ్లీ కాస్త పెద్దగా, ఎలక్ట్రాన్లు ఎక్కువ పట్టేలా కట్టుకోగలిగారు. ముందు పొరలన్నీ పరిచి, తర్వాత పై నుంచి కింద దాకా వంద నానోమీటర్ల దరిదాపు వెడల్పున్న రంధ్రాలు నిట్టనిలువుగా తొలుస్తారు. ఒక్క 12 అంగుళాల వేఫర్ (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలక) మీద లక్ష కోట్లకు పైగా రంధ్రాలు. ఒకటి కాస్త పక్కకు ఒరిగినా ఆ వరుసంతా దండగ. నానోటెక్నాలజీ అంటే చిన్నదిగా చేయడమే అనుకుంటారు గానీ, నా దృష్టిలో ఇదే దాని అసలు విద్య: ఇంత చిన్నదాన్ని లక్ష కోట్లసార్లు ఒకేలా చేయడం.

కొత్త రకాల మెమరీల గురించి కూడా వినే ఉంటారు. ఒక నానోమీటరు మందం మెగ్నీషియం ఆక్సైడ్ పొరకు అటూ ఇటూ అయస్కాంతాలు పెట్టి చేసే ఎంరామ్ బాగా పనిచేస్తుంది, అరగదు, చిన్న కంట్రోలర్ చిప్‌లలో ఇప్పటికే వాడుతున్నారు. లైబ్రరీలు దాచేంత చౌక మాత్రం కాదు. సూక్ష్మమైన సూదులతో ప్లాస్టిక్ పొర మీద గుంటలు పొడిచే మిల్లిపీడ్‌ను ఐబీఎం ఎంతో ముచ్చటగా చేసింది, అది అంగడికి రాలేదు. ఈలోగా ఫ్లాష్ చౌకైపోయింది. ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో ప్రకటించిన త్రీడీ ఎక్స్‌పాయింట్ ఫ్లాష్ కంటే చాలా వేగమైనది, దాన్ని ఆప్టేన్ పేరుతో అమ్మారు కూడా. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారమే మూసేసింది. టెక్నాలజీ చెడ్డది కాదు. జీబీకి ఎంత అన్న ప్రశ్న దగ్గర ఓడిపోయింది. కొత్త పదార్థం పేరు విని ఎవరైనా గంతులేస్తుంటే నేను ఆప్టేన్ సంగతి గుర్తు చేస్తాను.

అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. ఫేజ్ చేంజ్ మెమరీ అనే రకంలో పదార్థాన్ని కరిగించి, చటుక్కున చల్లార్చి, గాజులాగా మార్చి బిట్ రాస్తారు. ఆ కరిగించడానికే కరెంటంతా ఖర్చవుతుంది. 2024 నవంబర్‌లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ, మన బెంగళూరు ఐఐఎస్‌సీ, ఎంఐటీ పరిశోధకులు కలిసి ఇండియం సెలనైడ్ అనే పదార్థాన్ని అసలు కరిగించకుండానే గాజులా మార్చవచ్చని చూపించారు. సన్నని తీగలో కరెంటు పంపితే లోపలి పొరలు చిన్న భూకంపం వచ్చినట్టు కదిలి, ఆ కదలిక ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకి, పదార్థమంతా అమరిక చెదిరిపోతుంది. కరిగించే పద్ధతితో పోలిస్తే శక్తి ఖర్చు వంద కోట్ల వంతు దాకా తగ్గుతుందని వాళ్ల కొలత. చిప్ కావడానికి ఇంకా చాలా దూరం ఉంది. కానీ ఇలాంటి పని మన దగ్గర జరుగుతోందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇక దీర్ఘకాలం దాచే సంగతి. ఇక్కడే రాబోయే ఇరవై ఏళ్లలో పెద్ద మార్పు వస్తుందని నా నమ్మకం.

ఇప్పటికీ ఈ పనిలో పెద్దన్న అయస్కాంతపు టేపు. నవ్వుకోకండి, అదీ నానో సరుకే, బేరియం ఫెరైట్ అనే సూక్ష్మ రేణువుల పూత. 2021లో వచ్చిన ఎల్‌టీవో-9 క్యాసెట్‌లో కిలోమీటరుకు పైగా టేపు ఉంటుంది, పట్టేది 18 టీబీ. విప్పి పరిస్తే సుమారు 13 చదరపు మీటర్లు, ఒక చిన్న గది నేలంత. చోటు అంత ఉంది కాబట్టి బిట్లను హార్డ్ డిస్క్‌లో లాగా ఇరికించే తొందర లేదు, వేడి హద్దు ఇంకా చాలా దూరంలో ఉంది. 2020లో ఐబీఎం, ఫుజిఫిల్మ్ కలిసి స్ట్రాన్షియం ఫెరైట్ రేణువులతో ఒక్క క్యాసెట్‌లో 580 టీబీ దాకా పట్టించవచ్చని ప్రయోగంలో చూపించాయి.

గాజు సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో పీటర్ కజాన్‌స్కీ బృందం అతి తక్కువ సేపు వెలిగే లేజర్‌తో క్వార్ట్జ్ గాజు లోపల నానో గీతల చుక్కలు చెక్కుతుంది. చుక్క ఎక్కడుందో చెప్పే మూడు కొలతలు, లోపలి గీతల దిక్కు ఒకటి, వాటి బలం ఒకటి, కలిపి ఐదు. ఒక బిళ్లలో 360 టీబీ దాకా పడుతుందని, గది వేడిలో దానికి చావే లేదన్నంత కాలం నిలుస్తుందని వాళ్ల లెక్క. 2024లో మనిషి జన్యు పటం మొత్తం అలాంటి బిళ్లలో రాసి ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పు గని భాండాగారంలో ఉంచారు. ఇక్కడ జారిపోవడానికి ఎలక్ట్రాన్లు లేవు, తిరిగిపోవడానికి అయస్కాంతం లేదు. కష్టమల్లా రాసే వేగంతోనే.

డీఎన్‌ఏ అయితే ప్రకృతి చేసిన నానో మెమరీ. 2017లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన యానివ్ ఎర్లిక్, న్యూయార్క్ జీనోమ్ సెంటర్‌కు చెందిన డినా జిలిన్‌స్కీ ఒక గ్రాముకు 215 పెటాబైట్ల (పెటాబైట్ అంటే వెయ్యి టీబీ) లెక్కన దాచే పద్ధతి చూపించారు. మీరన్న పంచదార పలుకు మాట నిజమయ్యేది బహుశా ఇక్కడే. నిలకడ కూడా ఉంది. 2022లో గ్రీన్‌లాండ్ గడ్డకట్టిన మట్టిలోంచి 20 లక్షల ఏళ్లనాటి డీఎన్‌ఏను చదివారు. మరి అడ్డేమిటి? 2019లో మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు మనిషి చెయ్యి పెట్టకుండా మొత్తం యంత్రమే చేసేలా ‘హలో’ అనే ఐదక్షరాలను డీఎన్‌ఏలో రాసి తిరిగి చదివించారు. 21 గంటలు పట్టింది. ఖరీదు, వేగం ఈ రెండూ దిగి రావాలి. చదివే వైపు తొందరగా బాగుపడుతోంది, ఒక నానోమీటరు వెడల్పున్న రంధ్రంలోంచి డీఎన్‌ఏ పోగును లాగుతూ చదివే యంత్రాలు అరచేతిలో పట్టేంత అయ్యాయి. రాయడమే ఇంకా రసాయన శాలలో ఒక్కో అక్షరం అతికించే పని.

గాజైనా డీఎన్‌ఏ అయినా, ఇంకో మాట ఎవరూ గట్టిగా చెప్పరు. తాళ్లపాక వారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భాండాగారంలో భద్రపరిచారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత వాటిని బయటికి తీస్తే అక్షరాలు అలాగే ఉన్నాయి, చదువుకున్నాం, పాడుకుంటున్నాం. కానీ రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. అన్నమయ్య ఆ పాటను ఎలా పాడారో రేకు చెప్పదు, ఈనాటి వరసలు చాలామటుకు తర్వాతి వాళ్లు కట్టినవే. రాసింది నిలిచింది, దాన్ని పలికించే తీరు పోయింది. రేపు గాజు బిళ్ల వెయ్యేళ్లు నిలిచినా, దాన్ని చదివే యంత్రం, ఆ ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్, ఆ కోడ్ ఎలా విప్పాలో చెప్పే వివరం కూడా దాంతోపాటు నిలవాలి. రాగిరేకుకు కన్ను చాలు, గాజు బిళ్లకు మైక్రోస్కోప్ కావాలి. ఈ పని చేసేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. చేయాల్సింది చాలా ఉంది.

కాబట్టి ఒకటి వచ్చి మిగతావన్నీ పోతాయనుకోకండి. చేతికి అందేంత దగ్గర ఎంరామ్, డీరామ్ (కంప్యూటర్ నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) లాంటివి, రోజువారీ వాడకానికి అంతస్తుల ఫ్లాష్, డేటా సెంటర్ల గోదాముల్లో హామర్ డిస్కులు, తాళం వేసి ఉంచే గదిలో టేపు, తర్వాత గాజు, ఇంకా తర్వాత డీఎన్‌ఏ. వంటింట్లో పోపుల డబ్బా గట్టు మీద ఉంటుంది, బియ్యం డబ్బా మూల ఉంటుంది, ఆవకాయ జాడీ అటక మీద ఉంటుంది. డేటా కూడా అంతే. అణువు మీద బిట్ నా ఉద్యోగ కాలంలో ఇంటికి రాదని నా అంచనా.

ఈ రంగంలోకి రావచ్చా అంటే, తప్పకుండా రండి. అయితే ‘నానో’ అన్న పేరున్న కోర్సు వెతుక్కోవద్దు. సెమీకండక్టర్ ఫిజిక్స్, మెటీరియల్స్, ప్రాబబిలిటీ, తప్పులు దిద్దే కోడింగ్ గట్టిగా నేర్చుకోండి. ఇందాక చెప్పిన ధాన్యపు గుట్టల్లో తప్పు ఎక్కడుందో పట్టేది చివరికి ప్రాబబిలిటీయే. మీ కాలేజీలో క్లీన్ రూమ్ (చిప్‌లు చేసే ధూళి లేని ల్యాబ్) లేదని టెన్షన్ పడకండి. ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల ఐఎన్‌యూపీ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, బయటి కాలేజీల వాళ్లు కూడా శిక్షణకు వెళ్లి అక్కడి పరికరాల మీద పని చేయవచ్చు. మైక్రాన్‌కు హైదరాబాద్‌లో డిజైన్ సెంటర్ ఉంది, గుజరాత్‌లోని సాణంద్‌లో చిప్‌లను టెస్ట్ చేసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ పెట్టింది. నేను చేరిన రోజుల్లో ఇలాంటి అవకాశాలు చాలా తక్కువ.

ఇక మీ ఫోటోలు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం, మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాతల కోటా మొత్తం వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది డేటా నిలిపితే చాలు. సర్వర్ రకానికి 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. మీది కొత్తదైతే ఇంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుస్తుంది. కానీ మే నెలలో మన గదులు 40 దాటతాయి, బీరువా ఇనుముది. కాబట్టి ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో అక్కయ్య ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉంచండి. ఎస్‌ఎస్‌డీని ఏడాదికోసారి తీయండి. ఊరికే కరెంటు ఇస్తే సరిపోదు, ఫైళ్లన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివించండి, రెండు మూడేళ్లకోసారి మొత్తం చెరిపి కొత్తగా రాయండి. ఫోటోలు మామూలు జేపెగ్‌లోనే ఉంచండి, ఏదో ఒక యాప్‌లో మాత్రమే తెరుచుకునే రకంలో వద్దు. పెద్దవాళ్ల ఫోటోలైతే ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది అని ఒక టెక్స్ట్ ఫైల్‌లో తెలుగులో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. అమ్మమ్మవి మిగిలిన ఆ 19 పాటలు ఇప్పుడు మా ఇంట్లో మూడు చోట్ల ఉన్నాయి, ఏ పాట ఏ పెళ్లిలో పాడిందో అమ్మ చెప్తుంటే పక్కన రాసి పెట్టాను.